వెనక ఎడమ స్పీకరు

సోమలింగం గురించి రాయమని మా ఆవిడ కుమారి చాలాకాలంగా పోరుతోంది. ఆయన గురించి రాయడం కష్టమేమీ కాదు. కానీ ఆయన గురించి రాస్తే నా గురించి కూడా రాయాలి. అందుకే ఏదో ఒక వంక పెట్టి వాయిదా వేస్తూ వచ్చాను.

నా పేరు ఫణికుమార్. మాది కాకినాడ. సూరత్‌లో ఒక ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసరుని. అడాజన్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, ఇక్కడ దాన్ని సొసైటీ అంటారు. 2020లో ఆ సొసైటీకి సెక్రటరీ కూడా నేనే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

కరోనా వచ్చి సినిమా హాళ్లు మూసేశారు. ఆదివారం డుమస్ బీచికి వెళ్లి టమాటా బజ్జీలు తినొచ్చే అలవాటూ పోయింది. బ్యాంకు మాత్రం మూయలేదు. రోజంతా గాజు పలక వెనక మాస్కు కట్టుకుని కూర్చుని, ఇంటికొచ్చి స్నానం చేసి, ఏం చెయ్యాలో తోచక ఇంటర్నెట్‌లో హోమ్ థియేటర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. మూడు నెలల్లో పండితుణ్నయిపోయాను. ఎంత పండితుణ్నంటే, మా బావమరిదికి డాల్బీకి డీటీఎస్‌కి తేడా ఫోన్లో గంటసేపు చెప్పాను, ఆ తర్వాత వాడు నా ఫోను ఎత్తడం మానేశాడు.

చదవనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెబుతాను. 5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, గుండె అదిరే మోతకి ఒక సబ్‌వూఫరు. 7.1 అంటే వాటికి మరో రెండు తోడు. అట్మాస్ అంటే పైకప్పు నుంచి కూడా చప్పుడు రావాలి, తెర మీద వాన పడితే మన నెత్తి మీదే పడాలి. మా హాలు పదకొండు అడుగుల వెడల్పు, సోఫా వెనక గోడకి ఆనుకునే ఉంటుంది. నాకు మాత్రం ఏడూ కావాలి, పైన రెండూ కావాలి. కాగితం మీద గీసి చూపిస్తే కుమారి, "మరి మనం ఎక్కడుంటాం?" అంది.

సూరత్‌లో ఉండే తెలుగువాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. రైల్వేవాళ్లు, బ్యాంకులవాళ్లు, వాళ్ల కుటుంబాలు అందులో ఉంటారు. స్పీకర్లు బిగించడానికి మంచి మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగితే, రైల్వేలో రిటైరైన స్వరాజ్యం గారు వెంటనే రాశారు: "సోమలింగాన్ని పిలవండి. ఇక్కడే వడోద్‌లో ఉంటాడు. మా ఇంట్లో అతనే పెట్టాడు, వంక పెట్టడానికి లేదు."

దీపావళి వెళ్లాక హాలు చూడ్డానికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. నేను మాట్లాడుతుంటే నా కళ్లలోకి చూడకుండా మాస్కు మీదే చూస్తూ నిలబడ్డాడు. మాస్కుకి ఏమైనా అంటుకుందేమోనని రెండుసార్లు తడుముకున్నాను. ఏం అడిగినా "అవును సార్" అంటాడు. 'ఏమీ తెలీదు, తల ఊపి బతికేస్తున్నాడు' అనుకున్నాను. మనుషుల్ని చూడగానే అంచనా కట్టేస్తానని అప్పట్లో నాకు చెడ్డ గర్వం.

నేను రాసిపెట్టుకున్న సామాను జాబితా చేతికిస్తే మాత్రం శ్రద్ధగా చదివాడు. అప్పుడు నోరు విప్పాడు.

"సార్, ఇంత చిన్న హాలుకు గివన్ని ఎందుకు? ఐదు చాలు. మీరు జూసేటియి అన్ని యాప్‌ల సినిమాలే గద, అండ్ల శానమట్టుకు ఐదే వస్తయి. నడుమ స్పీకరు మాత్రం జర మంచిది తీసుకోండ్రి. మాటలు దాంట్లకెళ్లే వస్తయి. మాట సమజ్ కాకుంటే ఎంత మోత ఉంటే ఏం ఫాయిదా సార్?"

నేను చదివిన పేజీలన్నీ ఏకరువు పెట్టాను. అతను "అవును సార్" అన్నాడు. చివరికి ఐదు చుట్టూ, రెండు పైకప్పుకి అని తేల్చాను. పైకప్పు స్పీకర్ల మోజులో, నడుమ స్పీకరు ఉన్నవాటిలో చిన్నది తీసుకున్నాను. అతను జాబితాలో దాని పేరు చూసి ఇంకోసారి, "మాటలు సార్..." అన్నాడు. నేను చెయ్యి ఊపేశాను.

బిగించే రోజు పొద్దున్నే గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సాబ్, దో లోగ్ ఆయే హై." సోమలింగం వెంట అతని భార్య వచ్చిందట. పనివాళ్లెవరైనా ఒక ఇంటికి ఒక్కరే లోపలికి రావాలని అప్పట్లో మా సొసైటీ రూలు. రూలు రాసిందీ నేనే, కింద సంతకం పెట్టిందీ నేనే. "ఒక్కణ్నే పంపు" అన్నాను. ఆవిడ గేటు పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుంది. బిల్డింగు చూద్దామని వెంటపడి వచ్చి ఉంటుందనుకున్నాను.

మధ్యాహ్నం మూడు దాకా తల ఎత్తకుండా పనిచేశాడు. వైర్లన్నీ గోడ అంచు వెంట పట్టీలో దూర్చి, ఎక్కడా వంకర లేకుండా లాగాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి, వేలితో కొట్టి చూసుకుని మేకు దిగ్గొట్టాడు. సోఫాలో మనిషి తల ఉండే ఎత్తుకి పుస్తకాలు పేర్చి, వాటి మీద చిన్న మైకు పెట్టాడు. ఒక్కో స్పీకరు బీప్ బీప్ అంటుంటే టీవీ మీద కనపడే అంకెలు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. నేను చూసిన వీడియోల్లో ఇలాంటి నిపుణులు కళ్లు మూసుకుని తల వాల్చి వింటారు. ఇతను ఒక్కసారి కూడా విన్నట్టు కనపడలేదు. ప్రతి స్పీకరు మీదా వేళ్ల కొసలు ఆనించి చూస్తున్నాడు, డాక్టరు నాడి చూసినట్టు. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది.

అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు. "మా ఆమెను ఒక్కసారి పైకి రానిస్తరా సార్? ఐదు నిమిషాలు, గంతే."

"ఎందుకు?" అన్నాను, చెయ్యి తిప్పి.

"ఆమె సూస్తే నా దిల్‌కు మంచిగుంటది సార్."

"సౌండు చూడ్డమేంటయ్యా? ఆవిడేమైనా ఇంజనీరా?" అని పగలబడి నవ్వాను. నేను నవ్వుతున్నానని నా కళ్లు చూసి తెలుసుకున్నాడేమో, అతనూ నవ్వాడు. కుమారి వంటగది గుమ్మంలో నిలబడి, "రానీండి, పాపం, పొద్దుట్నుంచీ అక్కడే కూర్చుంది" అంది. "రూలు రూలే" అన్నాను.

అతను చేతులు కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్లాడు. అప్పుడు నాకో బుద్ధి పుట్టింది. సోఫా వెనక కర్టెను తొలగించి, వెనక ఎడమ స్పీకరు వైరు పీకేశాను. వీడికి పని వచ్చో రాదో ఇప్పుడే తేలిపోతుందనుకున్నాను. కుమారి చూస్తూనే ఉంది. నేను కన్ను కొట్టాను, తను లోపలికి వెళ్లిపోయింది.

అతను రాగానే, హెలికాప్టరు గది చుట్టూ తిరిగే శబ్దం ఒకటి పెట్టాను. అతను స్పీకర్ల వైపు చూడలేదు, నా వైపే చూశాడు. వైరు నేను పీకాను కాబట్టి నా చూపు మాటిమాటికీ వెనక ఎడమ మూలకే పోతోంది. అది చూసి అతని మొహం వెలిగింది.

"మస్తుగ వస్తున్నది సార్. ఎనుక ఎడమ దిక్కు ఇంక సాఫ్ వస్తున్నది!"

నాకు ఒళ్లు మండింది. హెలికాప్టరు మోత మీద మాస్కులోంచే అరిచాను. "మోసం చేద్దామనుకున్నావా నన్ను?"

అతను రెండు చేతులూ జోడించి, "అవును సార్, అంత మీ దయ సార్" అన్నాడు.

వెళ్లి వైరు తీసి అతని మొహం ముందు పెట్టాను. వైరు వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ మొహం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. మేకులూ సుత్తీ సంచిలో వేసుకుని, దిగిపోయాడు. నేను వైరు మళ్లీ స్పీకరులో దూర్చి, కర్టెను లాగేశాను. కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర భార్య చేత్తో ఏదో అడుగుతోంది, అతను చేత్తోనే ఏదో చెబుతున్నాడు. మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటున్నారనుకున్నాను.

అంతటితో ఊరుకున్నానా? గ్రూపులో రాశాను. "సోమలింగం అనే అతనికి సౌండులో ఓనమాలు రావు. వైరు తీసేసిన స్పీకరు బ్రహ్మాండంగా మోగుతోందన్నాడు. మోసమా అంటే అవునని స్వయంగా ఒప్పుకున్నాడు. జాగ్రత్తగా ఉండండి." బొటనవేళ్లు వచ్చాయి, దండాలు వచ్చాయి. స్వరాజ్యం గారు మాత్రం, "మా ఇంట్లో బాగానే చేశాడే" అని రాసి ఊరుకున్నారు.

ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా సోఫాలో కూర్చోబెట్టి హెలికాప్టరు వినిపించాను. "ఇప్పుడు వెనక ఎడమ నుంచి వస్తుంది చూడండి" అని వేలు చూపిస్తే, అందరూ తల తిప్పి "ఆహా" అనేవాళ్లు. సినిమాల్లో మాటలు మాత్రం సరిగ్గా అర్థమయ్యేవి కావు. కుమారి కింద అక్షరాలు పెట్టుకుని చూసేది.

2021 వేసవి ఎలా గడిచిందో నేను చెప్పక్కర్లేదు, అందరి ఇళ్లలోనూ అదే. జూలైకి కాస్త ఊపిరి తిరిగింది. ఒకరోజు బ్యాంకు బయట నేల మీద గీసిన గుండ్రాల్లో జనం నిలబడి ఉన్నారు. అందులో ఇద్దరు, నాలుగు గుండ్రాల దూరంలో ఉండి, గొంతు విప్పకుండా చేతులతో మాట్లాడుకుంటున్నారు. ఒకడు రెండు చేతుల వేళ్లూ కలిపి, ఠక్కున విడదీశాడు. రెండోవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వినవాడే తర్వాత నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. పేరు పరమేశ్వర్, సిరిసిల్ల వైపువాడు. తెలుగువాడని చూసి, "మీవాడు మూగవాడా?" అని అడిగాను. రెండుసార్లు అడగాల్సి వచ్చింది, గాజు పలక దగ్గరికి చెవి తెచ్చాడు.

"మూగోడు కాదు సార్. మేము సాంచాల మీద పని చేస్తం, కరెంటు మగ్గాలు. ఆ మోతల గొంతు ఏడ ఇనబడ్తది? చేతులతోనే మాట్లాడుకుంటం. గిట్ల అంటే పోగు తెగిందని," అని మళ్లీ వేళ్లు విడదీసి చూపించాడు. "వాని ప్యాంటు కుట్టు తెగిందని చెప్పిండు, గందుకే నవ్విన. ఇరవై ఏండ్లు చేస్తే చెవులు పోతయి సార్. బయట పెదవులు సూసి సమజ్ చేసుకుంటుంటిమి. గిప్పుడు మాస్కులొచ్చి మా పని ఖతమైంది. ఎవలేమన్న అవునవును అనుడే."

"సోమలింగం అని..." అన్నాను.

"సౌండు సోమన్ననా? ఎందుకు తెల్వది! పదహారేండ్లప్పుడు మా ఊరికెళ్లే ఈడికొచ్చిండు, సాంచాల మీద పాతికేండ్లు చేసిండు. గీడ బమ్రోలిల బతుకమ్మకు, గణపతికి మైకుసెట్టు ఆయనదే. ఆయనది చేయి, భార్య సారక్కది చెవి. ఆయన బిగిస్తడు, ఆమె నడుమ కూసోని ఇని చేతులతో చెప్తది. ఎవలో ఫోన్ల ఏందో రాసిన్రట సార్, పిలిచేటోళ్లే లేరు. మళ్ల సాంచాల మీదికే పోయిండు, ఈ వయసుల."

ఆయన చెవుల్ని గేటు దగ్గర ఆపేసింది నేను. మిగిలిన కాస్త ఆసరా, పెదవులు, మాస్కుతో మూసిందీ నేనే. ఆ తర్వాత పరీక్ష పెట్టిందీ నేనే. ఆ రోజు బ్యాంకులో ఇంకెవరి మొహమూ సరిగ్గా చూడలేకపోయాను. సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక అంత సిగ్గు వేస్తుందని అనుకోలేదు.

ఆ ఆదివారం వడోద్ వెళ్లాను. ఒకటే గది. గుమ్మంలో సారక్క చీరలకి రాళ్లు అంటిస్తూ కూర్చుంది. నన్ను చూసి లేవలేదు. "గేటు కాడ మీరు ఆపిన మనిషిని నేనే సార్" అంది. సోమలింగం డ్యూటీ దిగి వచ్చి మంచం మీద ఉన్నాడు. నేను మాస్కు తీసి, దూరంగా నిలబడి, పెదవులు కదిలేలా నెమ్మదిగా చెప్పాను. తప్పయిపోయిందన్నాను. మొదటిసారి "మీరు" అన్నాను.

"చెవుల సంగతి ముందే చెప్పాల్సింది కదండీ" అన్నాను.

"ఎట్ల చెప్పాలె సార్? చెవిటోన్ని సౌండుకు ఎవలు పిలుస్తరు?" అన్నాడు. తల దించుకున్నాడు. ఆయనకీ సిగ్గే. నా దానికంటే వెయ్యి రెట్లు అన్యాయమైన సిగ్గు. తర్వాత అడిగింది ఒక్కటే. "గ్రూపుల ఇంకొక మాట పెట్టుండ్రి సార్. పని చెడగొట్టలేదని. గంతే."

సరే అనాల్సింది. అక్కడే ఫోను తీసి రాయాల్సింది. నేనేమన్నానో తెలుసా? "ఒకసారి ఇద్దరూ వచ్చి మళ్లీ చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే రాస్తాను." క్షమాపణ చెప్పడానికి వెళ్లినవాణ్ని మళ్లీ పరీక్ష పెట్టి వచ్చాను. ఆఫీసరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

తర్వాతి ఆదివారం ఇద్దరూ వచ్చారు. రూలు అప్పటికే ఎత్తేశాం. కుమారి సారక్కని సోఫా మధ్యలో, రోజూ నేను కూర్చునే చోట కూర్చోబెట్టింది. సోమలింగం టీవీ దగ్గర నిలబడ్డాడు. హెలికాప్టరు వద్దంది సారక్క, ఒక్కో స్పీకరులోంచీ హోరు మాత్రం పెట్టమంది. కళ్లు మూసుకుంది. ముందు ఎడమ: ఒక వేలు ఎత్తింది, బాగుందని. నడుమది: అరచెయ్యి పైకి లేపింది, పెంచమని. ఆయన పెంచాడు. ముందు కుడి, వెనక కుడి, పైకప్పువి రెండూ బాగున్నాయి. చివరికి వెనక ఎడమ.

సారక్క కళ్లు తెరిచింది. రెండు చేతుల వేళ్లూ కలిపి, ఠక్కున విడదీసింది. పోగు తెగింది.

లేచి కర్టెను తొలగించింది. ఆ రోజు నేను దూర్చిన వైరు రంధ్రం పక్కన వేలాడుతోంది. లోపలికి వెళ్లనేలేదు. ఎనిమిది నెలలు! అరిగిపోయేలా వినిపించిన హెలికాప్టరు ఆ మూల నుంచి ఒక్కసారి కూడా రాలేదు. నా చెవులకి ఏ జబ్బూ లేదు. మూడు నెలలు చదివిన పండితుణ్ని.

"గీ వైరు ఎవలు గుంజిన్రు?" అంది సారక్క.

సోమలింగం నా మొహం వైపు చూశాడు. ఆ రోజు వైరు ఎవరి చేతిలో ఉందో ఆయనకి తెలుసు. నేను ఆయన కోసమే మాస్కు తీసి నిలబడ్డాను, నా మొహమంతా ఆయనకి కనపడుతోంది. కుమారి టీ కప్పులతో గుమ్మంలో ఆగిపోయింది. ఒక్క మాట చాలు. 'నేనే' అంటే సరిపోయేది.

ఆయనే అన్నాడు, భార్యతో. "ఎలుకలు గుంజినయేమో తియ్యే. పెద్ద బిల్డింగులల్ల శాన ఉంటయి. గంతేనా సార్?"

"అవును" అని తల ఊపాను.

ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. "సోమలింగం గారి పనిలో తప్పు లేదు. ఎలుక వైరు లాగేసింది, సరిచేశారు." మళ్లీ బొటనవేళ్లు, దండాలు. నెమ్మదిగా ఆయన్ని పిలవడం మొదలుపెట్టారు. సాంచాల పని ఇప్పుడు మానేశాడు. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే చెబుతున్నాడట, "నాకు ఇనబడది సార్, మా ఆమె ఇంటది. ఇద్దరం వస్తం" అని. అందుకని ఎవరూ వద్దనలేదట. ఈ కథ రాయొచ్చా అని అడిగితే సారక్క, "రాయుండ్రి, గిప్పుడు దాసేటిది ఏముంది?" అంది. వాళ్లకి దాచేది లేదు.

వాళ్లు వచ్చి వెళ్లిన మర్నాడు కుమారి బజారు నుంచి ఒక ఎలుకల బోను కొనుక్కొచ్చింది. వెనక ఎడమ స్పీకరు కింద పెట్టి, లోపల కొబ్బరిముక్క కట్టింది. వారానికోసారి ముక్క మారుస్తుంది, చుట్టూ తుడుస్తుంది, మళ్లీ అక్కడే పెడుతుంది. సినిమా చూస్తున్నంతసేపూ అది నా ఎడమ భుజం వెనకే ఉంటుంది.

ఇది ఈ రోజు గ్రూపులో పెడుతున్నాను. స్వరాజ్యం గారూ, మీరందరూ చదవండి. ఆ బోనులో ఇంతవరకు ఏమీ పడలేదు. మా ఇంట్లో ఎలుకలు లేవు.